పైన రంగు, లోపల గుల్ల: పాత ఫోర్‌బైఫోర్ తుప్పుతో నా అనుభవం

పాత ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) అడుగుభాగం కొత్తగా, నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలుగుతుంది. నేను కొన్న పికప్ సరిగ్గా అలాగే ఉంది. లాడర్ ఛాసిస్ (బండి బరువు మోసే నిచ్చెన ఆకారపు చట్రం), వెనక కమాను పట్టీలు, పైన చూడముచ్చటైన రంగు, కింద అమ్మకానికి పెట్టే ముందు దట్టంగా కొట్టిన తారు పూత. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగున్నాయి. తుప్పు ఉంటుందని అనుకునే బేరమాడి తీసుకున్నాను. ఎంత ఉందన్నది మాత్రం ఆ తారు గీకితే గానీ తెలియదు.

బండిని జాకీతో లేపి గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వచ్చాను. ముందు భాగమంతా ఖంగుమని పలికింది. వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోటికి వచ్చేసరికి పగిలిన కుండను తట్టినట్టు శబ్దం బొంగురుపోయింది. అక్కడ పాత స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా నొక్కితే తారుతో సహా లోపలికి దిగిపోయింది. కమాను పట్టీలు వేలాడే బ్రాకెట్ పక్కన కూడా అదే కథ. పైకి చూస్తే మాత్రం రెండు చోట్లా ఒక్క మచ్చ లేదు.

తుప్పుకు కావలసినవి ఇనుము, నీరు, ఆక్సిజన్. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే చాలు, బండి మీద వాన చుక్క పడకపోయినా పని మొదలవుతుంది. ఉప్పు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అది గాలిలోని తేమను తనలోకి లాక్కుంటుంది, ఆ తడిలో కరెంటు సులువుగా పారేలా చేస్తుంది. తుప్పు అంటే చివరికి ఇనుము మీద జరిగే చిన్న విద్యుత్ రసాయన చర్యే కదా. సముద్రపు ఒడ్డున ఇసుకలో నడిపిన బండ్లు, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన బండ్లు అందుకే అంత త్వరగా పాడవుతాయి.

మామూలు కారుకూ ఇలాంటి బండికీ తేడా బురదలో ఉంది. చక్రాలు విసిరిన బురద ఛాసిస్ రంధ్రాల్లోంచి లోపలికి పోయి అడుగున పేరుకుంటుంది. ఆకులు, గడ్డి, ఇసుక కలిసిన ఆ ముద్ద బయట ఎండ కాస్తున్నా లోపల తడిగానే ఉంటుంది. నీళ్లు పోవడానికి తయారీలోనే పెట్టిన రంధ్రాలను అదే మూసేస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కొన్ని సందర్భాల్లో ఆరు రెట్ల దాకా. రెండు రేకులు కలిసే అతుకులో మొదలైతే ఆ ఉబ్బుతోనే రేకులను విడదీసి, ఇంకా నీళ్లు వెళ్లడానికి దారి చేసుకుంటుంది. మనకు బయట బుడగ కనిపించేసరికి లోపల పని సగం పైగా అయిపోయి ఉంటుంది.

అందుకే మరమ్మతు మొదలుపెట్టే ముందు నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ బండిలో నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి? సీట్లు తీశాను, కార్పెట్ తీశాను, దాని కింద శబ్దం తగ్గించడానికి అంటించిన మందపాటి షీట్లూ పీకాను. డ్రైవర్ కాళ్ల దగ్గర షీటు స్పాంజిలా నీళ్లు కక్కింది. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయా అని పైకి వెతుక్కుంటూ వెళితే ముందు అద్దం ఫ్రేమ్ కింది మూల దొరికింది. రబ్బరు వెనక ఫ్రేమ్ చిల్లు పడి ఉంది. ఆ మూల వదిలేసి కింద ఫ్లోర్ మార్చి ఉంటే కొత్త రేకూ అదే దారి పట్టేది.

తలుపుల అడుగున సందులు మట్టితో మూసుకుపోయి, తలుపు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చింది. ఫుట్‌బోర్డు కింది డబ్బా భాగం మీద అయస్కాంతం పెట్టి చూస్తే కొన్నిచోట్ల అంటుకోలేదు. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. ఛాసిస్ లోపల చూడటానికి ఫోనుకు తగిలించే సన్నటి తీగ కెమెరా వాడాను. చవకైన వస్తువు, చాలా ఉపయోగపడింది. వెనక వంపు లోపల పెచ్చులు పెచ్చులుగా రాలిన తుప్పు గుట్ట కనిపించింది.

చూసిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పైపైన ఎర్రబడినవి, గుంటలు పడినా ఇంకా మందం ఉన్నవి, కోసేయాల్సినవి అని మూడు రకాలు. బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, సీటు బెల్టులు బిగించే బోల్టుల చుట్టుపక్కల రేకు వేరే లెక్క. అక్కడ గుంట పడితే నేను రెండో ఆలోచన పెట్టుకోను, మార్చేస్తాను.

బోల్టులు విప్పడం దగ్గర బండి నా ఓపికను పరీక్షించింది. తుప్పు పట్టిన బోల్టు మీద పానా వేసి మొదటే బలం చూపిస్తే తల తెగి చేతికొస్తుంది. ముందు వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి, మర్నాడు మళ్లీ కొట్టాలి. విప్పే ముందు కొంచెం బిగించే వైపు కదిపితే మరల మధ్య పట్టు వదులుతుంది, ఆ తర్వాత అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ తీయాలి. అప్పటికీ రాకపోతే నట్టును వేడి చేయడమే. నట్టు వ్యాకోచించి వదులుతుంది. అయితే అంతకుముందు కొట్టిన నూనె తుడిచేయాలి. ఇంధన ట్యాంకు, రబ్బరు బుష్షులు, బ్రేకు పైపుల దగ్గర మంట ఊసే ఎత్తకూడదు. అక్కడ నేను గ్రైండర్‌తో నట్టును చీల్చి తీశాను. కొత్త నట్టు బోల్టుల ఖర్చుకు బాధపడేవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

తారు గీకడం ఇంకో నరకం. హీట్ గన్‌తో మెత్తబరిచి గీకుడు రేకుతో లాగితే జిగటగా చుట్టలు చుట్టుకుని వస్తుంది, మిగిలింది థిన్నర్ గుడ్డతో తుడవాలి. తారు పూత చెడ్డదని కాదు. శుభ్రమైన, ప్రైమర్ వేసిన లోహం మీద అది బాగానే పనిచేస్తుంది. తుప్పు మీద కొట్టినా, ఏళ్లు గడిచి గట్టిపడి పగిలినా ఆ పగుళ్లలోంచి లోపలికి వెళ్లిన నీళ్లు మళ్లీ బయటికి రావు. మా బండికి ఆ రెండూ జరిగాయి.

తుప్పు తీయడానికి గ్రైండర్‌కు తగిలించే వైర్ కప్పు, ఫ్లాప్ డిస్కు, ఛాసిస్ మందపాటి చోట్ల గాలితో పనిచేసే సూదుల సుత్తి వాడాను. వైర్ కప్పును పూర్తిగా నమ్మొద్దు. గుంటల్లోని తుప్పును తీయకుండా దాన్నే నున్నగా మెరిపించి, లోహం బయటపడిందన్న భ్రమ కలిగిస్తుంది. తిరిగేటప్పుడు తెగిన తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు ఒక్కటే చాలవు, ముఖమంతా కప్పే షీల్డ్ ఉండాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మాస్కు లేకుండా ఆ దుమ్ము పీల్చకూడదు. శాండ్ బ్లాస్టింగ్ ఛాసిస్ విడిగా ఉన్నప్పుడు అద్భుతమైన పద్ధతి. పల్చటి బాడీ రేకు మీద మాత్రం గట్టిగా కొడితే రేకు వంకరపోతుంది. బండి మొత్తం విప్పకుండా చేస్తే ఇసుక బేరింగుల్లోకి, పైపుల్లోకి దూరుతుంది. నేను ఆ జోలికి పోలేదు.

చిన్న బ్రాకెట్లను, కీళ్లను ప్లాస్టిక్ టబ్బులో కరెంటు పద్ధతిలో శుభ్రం చేశాను. నీళ్లలో బట్టల సోడా కలిపి, బ్యాటరీ ఛార్జర్ మైనస్ తీగ తుప్పు పట్టిన వస్తువుకు, ప్లస్ తీగ పనికిరాని ఇనప ముక్కకు తగిలిస్తే తుప్పు ఊడి బురదలా తేలుతుంది. దీన్లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, కాబట్టి ఆరుబయటే చేయాలి, నిప్పురవ్వ దగ్గరికి రాకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలో చేరతాయి. ఇలా తీసిన ముక్కను కడిగి వెంటనే ఆరబెట్టి ప్రైమర్ వేయకపోతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది.

తుప్పు మీద రాసి దాన్ని వేరే పదార్థంగా మార్చే రస్ట్ కన్వర్టర్ల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ టానిక్ ఆమ్లం గానీ ఉంటుంది. మొదటిది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా, రెండోది నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. పనిచేస్తాయా అంటే చేస్తాయి. కానీ ద్రవం తాకినంత మేరకే. పెచ్చులు కట్టిన తుప్పు మీద రాస్తే పై పొర నల్లబడుతుంది, కింద కథ నడుస్తూనే ఉంటుంది. ఊడేదంతా ఊడగొట్టాక, గ్రైండర్ వెళ్లని మూలల్లో, గుంటల్లో మాత్రమే వాడాను. మెరిసే లోహం దొరికే చోట కన్వర్టర్ రాయడం నా దృష్టిలో దండగ.

ఇక కోత, వెల్డింగ్. నాకు వెల్డింగ్ వచ్చు, అయితే ఛాసిస్ మీద చేసేంత నమ్మకం లేదు. ఛాసిస్‌కు అనుభవమున్న ఒకాయన్ని పిలిచాను, బాడీ రేకులు నేను చేసుకున్నాను. ఆయన బండి కింద చూసి మొదట అన్న మాట, “తమ్ముడూ, ముందు ట్యాంకు దించు. తర్వాత మాట్లాడదాం.” ట్యాంకు దించాం, బ్యాటరీ తీగలు విప్పాం, చుట్టూ ఉన్న వైరింగు పక్కకు కట్టాం, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకున్నాం. పాత మైనం గానీ తారు గానీ ఉన్న డబ్బా భాగం లోపల వెల్డింగ్ వేడికి అంటుకుంటుంది, అది బయటికి పొగ వచ్చేదాకా తెలియదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి. వాటితో తుడిచి, పూర్తిగా ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. నేను అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను.

కోయడంలో లోభం పనికిరాదు. చిల్లు చుట్టూ మంచి లోహం తగిలేదాకా కోస్తూ పోతే గోరంత రంధ్రం అరచేయంత అయింది. పల్చబడిన అంచుకు వెల్డింగ్ పట్టదు, వేడికి కాలి ఇంకా పెద్దదవుతుంది. అట్టముక్కతో నమూనా కత్తిరించి, అదే మందం రేకు తీసుకుని, మూలలు గుండ్రంగా చేసుకుని అంచుకు అంచు కలిపాను. పాత రేకు మీద కొత్త రేకు పరిచి చుట్టూ వెల్డింగ్ కొడితే పని సులువే. అయితే రెండిటి మధ్య మిగిలే సందే రేపటి తుప్పుకు ఇల్లు. పల్చటి రేకును ఒకే గీతగా లాగితే వేడికి వంకర్లు తిరుగుతుంది కాబట్టి ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క వేసుకుంటూ, మధ్యమధ్య చల్లారనిస్తూ చేయాలి.

ఛాసిస్ దగ్గర ఆయన పద్ధతి వేరు. బరువు ఛాసిస్‌ను వంచకుండా ముందు పలుచోట్ల ఆధారాలు పెట్టి, కొలతలు రాసుకున్నారు. అతుకు పలకను చతురస్రంగా కాక రెండు కొనలూ వాలుగా ఉండేలా కోశారు. ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలో వెల్డింగ్ పడితే బరువు మోసినప్పుడు అదే గీత వెంట పగులు పుడుతుందట. కోసిన చోట లోపలి పెచ్చులన్నీ వాక్యూమ్‌తో లాగి, నీళ్లు పోయే రంధ్రాన్ని కొత్త పలకలోనూ అదే చోట పెట్టించాను. ఒక్క మాట మాత్రం ఖాయంగా చెప్పగలను. ఛాసిస్ పొడవునా గుల్లబారి ఉంటే అతుకులు వేయడం వృథా, ఛాసిస్ మార్చుకోవాలి. కొన్ని కొత్త బండ్లలో అధిక బలమున్న స్టీలు వాడతారు, వెల్డింగ్ వేడికి అది బలం కోల్పోతుంది కాబట్టి తయారీదారు సూచన లేకుండా ముట్టుకోకూడదు.

మార్చుకునేవాళ్లకు గాల్వనైజ్డ్ ఛాసిస్ అని ఒక దారి ఉంది. దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన జింకులో ముంచి తీస్తారు, లోపలా బయటా పూత పడుతుంది. అలాంటి లోహం మీద తర్వాత వెల్డింగ్ చేయాల్సి వస్తే జింకు పూతను గీకేయాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం లాంటిది వస్తుంది. 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌కు అల్యూమినియం మిశ్రమలోహపు బాడీ పెట్టారు, యుద్ధం తర్వాత స్టీలు కరువుగా ఉండటం అందుకు ఒక కారణం. ఆ బాడీకి ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. కానీ కింద ఛాసిస్ స్టీలే. రెండు లోహాలూ తడిలో కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది.

అదే మా బండిలోనూ చూశాను. ఎవరో ముందు యజమాని ఫుట్‌బోర్డు మీద అందం కోసం అల్యూమినియం చెకర్డ్ ప్లేట్ బిగించారు. ఊడదీస్తే ప్లేటు వెనక తెల్లపొడి, దాని కింద స్టీలు జల్లెడ. ప్లేటు వెనక ఆగిన నీళ్లే అసలు దోషి. ఆ ప్లేట్లు తిరిగి పెట్టలేదు. పెట్టాలనుకునేవాళ్లు మధ్యలో రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ వేసి, నీళ్లు జారిపోయే సందు వదలాలి.

వెల్డింగ్ అయ్యాక రంగు వరకు ఉన్న దశ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వరస తప్పకుండా ఉంటే చాలు. నూనె తుడవడం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకపోవడం, ఆ రోజే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేయడం. చేతి చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తెస్తుంది. అతుకుల మీద సీలెంట్ ప్రైమర్ తర్వాత, రంగుకు ముందు. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి పల్చగా, ఎపాక్సీ మీదే. జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ దేని మీద కొట్టినా ఒకేలా పనిచేస్తుందన్నది ఒక అపోహ. అందులోని జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, దానికి జింకు నేరుగా ఇనుమును తాకాలి. కన్వర్టర్ రాసిన నల్లపొర మీద కొడితే ఆ సుగుణం పనిచేయదు, మామూలు రంగుతో సమానం.

ఛాసిస్‌కు పైపూత నలుపు వద్దనుకుని లేత బూడిద రంగు వేశాను. చూసినవాళ్లు అదేంటని అడిగారు. నల్లరంగు మీద తుప్పు మొదలైనా తెలియదు, బూడిద రంగు మీద చిన్న గోధుమ రంగు చార కూడా ఇట్టే కనబడుతుంది.

ఇంత పనిలోనూ అన్నిటికంటే విలువైనది ఏదంటే, డబ్బా భాగాల లోపలికి కొట్టిన మైనమే. ఛాసిస్ లోపల, ఫుట్‌బోర్డులో, తలుపుల్లో ఎవరూ రంగు వేయలేరు. చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టాన్ని రంధ్రంలోంచి లోపలి కొసదాకా తోసి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. వెచ్చటి రోజైతే అది పల్చబడి అతుకుల్లోకి పాకుతుంది. అడుగు రంధ్రాల్లోంచి బొట్లు బొట్లుగా కారితే లోపల అందిందని అర్థం. కారడం ఆగాక తీగతో ఆ రంధ్రాలను మళ్లీ తెరవడం తప్పనిసరి. బయటి భాగాలకు లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) రకం కొట్టాను. బ్రేకు డిస్కుల మీద, సైలెన్సర్ మీద పడకూడదు, సహజ రబ్బరు బుష్షులకు కూడా దూరం ఉంచాలి, నూనె తగిలితే ఉబ్బుతాయి. కొన్ని వారాల పాటు బండి దగ్గర ఒకరకం వాసన ఉంటుంది, ఇంట్లోవాళ్లు గొణుగుతారు.

తుప్పు ఆపుతుందని చెప్పి బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ డబ్బాలు అమ్ముతారు. వాటి మీద పైసా పెట్టను. కరెంటుతో తుప్పు ఆపడం ఓడలకు, భూమిలో పాతిన పైపులకు నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే చుట్టూ నీరో తడి మట్టో ఉండి కరెంటు దారి పూర్తవుతుంది. గాలిలో నిలబడిన బండికి ఆ దారే లేదు.

ఇప్పుడు బురదలో తిరిగొచ్చిన రోజున పైన మెరుపు తర్వాత, ముందు కింద నీళ్లు కొడతాను. గొట్టం ఛాసిస్ రంధ్రాల్లో పెట్టి, రెండో చివర తేట నీళ్లు వచ్చేదాకా వదలను. ఉప్పునీరు తగిలితే ఆ రోజే మంచినీళ్లతో కడగాలి. తడి బండిని గాలి ఆడని షెడ్డులో పెట్టి తాళం వేయడం కంటే ఆరుబయట వదిలేయడం నయం. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), ల్యాంపుల కోసం కొత్త రంధ్రం చేస్తే అంచుకు ప్రైమర్ పూశాకే బోల్టు వేస్తాను. ఏడాదికోసారి, వానలకు ముందు, సుత్తి పట్టుకుని కిందికి దూరి, మైనం తగ్గిన చోట మళ్లీ కొడతాను.

ఛాసిస్ రెండు వైపులనూ కలిపే వెనక అడ్డకమ్మీ, అంటే క్రాస్‌మెంబర్‌లో ఒక మూల మాత్రం కన్వర్టర్‌తో సరిపెట్టాం, కోయాలంటే బాడీ లేపాలి. బూడిద రంగు మీద అక్కడ సన్నటి చార మొదలైంది. బాడీ బుష్షులు ఎలాగూ మార్చాలి, అప్పుడు దాని సంగతీ చూస్తాను.